మూడు వందల పదిహేను తుపాకుల మల్లయ్య

జగిత్యాల చుట్టుపక్కల ఒక్క పూటలో తుపాకుల గుట్టను పుట్టించిన ఘనత ఎవరిదని ఎవరైనా అడిగితే, సిగ్గు విడిచి చెయ్యెత్తుతాను. నాదే. ఇనుము లేకుండా, మందుగుండు లేకుండా, ఉత్త కీబోర్డుతో. ఆ దెబ్బకు నా ఉద్యోగం, ఒక పెద్దమనిషి పరువు రెండూ గాల్లో కలిసిపోవలసినవే. ఎలా బయటపడ్డామో చెబుతాను వినండి.

మాది సిరిసిల్ల, మరమగ్గాల ఇల్లు. నూలు నంబరు చెబితే దారం ఎంత సన్నమో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. అందుకని లోకంలోని నంబర్లన్నీ నాకు చుట్టాలేనని గొప్ప ధీమా. ఇరవై రెండేళ్ల వయసులో, ఆ ధీమాతోనే ఒక పోలీస్ స్టేషన్‌లో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఏ ఊరని అడక్కండి, వాళ్లు నన్నింకా మరిచిపోలేదు.

నెల తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులున్న వాళ్లంతా ఎన్నికలయ్యేదాకా వాటిని స్టేషన్‌లో అప్పజెప్పాలి. మొట్టమొదట వచ్చినవాడు మల్లయ్య. మిలిటరీలో చేసి వచ్చి, కొడిమ్యాల దగ్గర వ్యవసాయం చేసుకుంటున్నాడు. అడవిపందుల నుంచి మక్కచేను కాపాడుకోవడానికి ఒక రైఫిల్ పెట్టుకున్నాడు.

"రాస్కో బిడ్డా. బోల్టు యాక్షన్," అన్నాడు.

"నట్టు రాయొద్దా కాకా?"

ఆయన ఓపిగ్గా తుపాకీ పక్కనున్న పిడిని వెనక్కి గుంజి, ముందుకు తోసి చూపించాడు. "గిదే బోల్టు. ఒక్కోపారి గిట్ల గుంజి తోస్తెనే ఒక్కో తూటా లోపటికి వోతది. ఇగ, బోరు పాయింట్ మూడొందల పదిహేను."

రైతు నోట 'బోరు పాయింట్' అన్న మాట వస్తే మీరైతే ఏమనుకుంటారు?

"మూడొందల పదిహేను ఫీట్లా! మరి నీళ్లు వడ్డయా కాకా?" అన్నాను జాలిగా.

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయాడు. అయినా అడిగినదానికి జవాబు చెప్పాలి కదా. "వడ్డయి బిడ్డా, రెండించులు."

ఇద్దరికీ తృప్తి. తెర మీద తర్వాతి గడి 'నంబర్స్'. ఎన్ని తుపాకులు అప్పజెప్పారని దాని అర్థం. బండికి ఉన్నట్టే తుపాకీకీ ఒక నంబరుంటుంది, అదడుగుతున్నారు కాబోలనుకుని లైసెన్సు పుస్తకం తిరగేశాను. 'రైఫిల్ .315' అని ఉంది. బోరు లోతూ తుపాకీ నంబరూ ఒకటే అయినందుకు ఎంత అదృష్టజాతకుడో అని ముచ్చటపడ్డాను. ముందున్న చుక్క ఈగ పెట్టిపోయిందనుకుని, 315 అని కొట్టి, అదే అంకెతో రసీదిచ్చి మల్లయ్యను సాగనంపాను. మధ్యాహ్నం ఆ లెక్కను జగిత్యాల పెద్దాఫీసుకు పంపేసి, సద్ది విప్పుకున్నాను.

రెండో ముద్ద దిగకముందే ఫోను మోగింది. ఎస్సై సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "సార్... మా స్టేషన్లనే సార్... మూడొందల పదిహేనా సార్?" ఆయన ముఖం రంగు దిగిన చీరలా అయిపోయింది.

అప్పటికి మల్లయ్య కోరుట్లలో కూతురింట అన్నానికి కూర్చున్నాడట. చెయ్యి కడుక్కోనిచ్చి, జీపెక్కించి పట్టుకొచ్చారు. జగిత్యాల నుంచి పెద్ద సారు కూడా దిగారు.

"మిగిలిన మూడొందల పద్నాలుగు ఏడ వెట్టినవ్?" అని పెద్ద సారు గద్దించారు.

"ఏందియి సార్?"

"తుపాకులు!"

మల్లయ్య చేతులు జోడించాడు. "గన్ని తుపాకులుంటె పందులు నా మక్కచేన్ల ఎందుకు వడ్తయి సార్?"

ఒక్కరూ నవ్వలేదు. ఆ మూడొందల పదిహేను ఎక్కడ పుట్టిందో నాకప్పుడు వెలిగింది. లేచి నిలబడ్డాను.

"సార్, కాక తప్పేం లేదు. గది కొట్టింది నేనే. గీ పుస్తకంల చూసే కొట్టిన."

పెద్ద సారు పుస్తకం చూశారు, తెర చూశారు, ఆఖరికి నన్ను చూశారు. "మరి గీ చుక్క ఏమైంది?"

"ఈగ... సార్."

మల్లయ్యకు ప్రాణం లేచొచ్చింది. "ఓ పిచ్చి బిడ్డా! గదే పాయింట్. బోరంటె గొట్టం లోపటి రంధ్రం. గది ఎంత ఎడల్పుంటదో గా లెక్క. అంగుళంల మూడో వంతు గూడ లేదు. తుపాకి నంబరు వేరే, గిదో, ఇనుము మీద కొట్టి ఉన్నది!"

"మరి రెండించులు నీళ్లు వడ్డయంటివి?"

"నువ్వు మా బాయికాడి ముచ్చట అడిగితివి, నేను చెప్తిని!"

ముందు పెద్ద సారే నవ్వారు. అంతవరకూ బిగబట్టిన ఊపిరితో స్టేషన్ మొత్తం నవ్వింది. నేను నవ్వుతూ ఏడ్చాను. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. నేను ఎలుకను చూసి కొండను రాసుకున్నాను. అయినా ఉద్యోగం ఊడలేదు, మల్లయ్య మీద మచ్చ పడలేదు. అంతకన్నా ఏం కావాలి?

మల్లయ్య గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. పొద్దున నేను ముద్ర కొట్టి ఇచ్చిన రసీదు.

"సార్, ఎలచ్చన్లయినంక గిండ్ల రాసినన్ని తుపాకులు నాకు వాపస్ ఇయ్యాలె. ఒకటైతె నేనిచ్చిన. తక్కినయి మీరే జూస్కోండ్రి!"

ఆ కాగితాన్ని ఆయన దగ్గర్నుంచి తిరిగి రాబట్టడానికి స్టేషన్ మొత్తం రెండు చాయ్‌లు తాగించి బతిమాలాల్సి వచ్చింది. ఆకాశంలో ఉన్న చుక్కలన్నిటి సాక్షిగా ఆనాడే ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ ఏ చుక్కనూ చిన్నచూపు చూడను.