ఈరమ్మ ముఖం

నిన్న మా మనవరాలు రంగుల్లో కలపడానికి తుమ్మబంక నానబెట్టింది. ఆ పులిసిన వాసన గదంతా పరుచుకోగానే చేతిలోని పేపరు పక్కన పెట్టేశాను. హుసేనప్ప సారు ఇంటి వసారాలో ఎప్పుడూ ఉండే వాసన అది. గద్వాలలో ఆయన బడిపిల్లలకు బొమ్మలు నేర్పేవారు. ఎండిన కట్టెలాంటి మనిషి, మాట తక్కువ. నేనేమో చీరల అంచులకు నమూనాలు గీస్తూ బతికే ఇరవై రెండేళ్లవాణ్ణి. లతలూ హంసలూ తప్ప మరేవీ నా చేతికి రావు. మనిషి ముఖం గీయడం నేర్పింది ఆయనే. "కండ్లు తర్వాత గియ్యి నాగా. ముందుగాల ఆ మనిషి తిన్నదా లేదా చూడు. దవడల్ల తెలుస్తది," అనేవారు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. వనపర్తిలో వ్యవసాయ ప్రదర్శన జరుగుతుందనీ, దాని గోడపత్రికకు బొమ్మల పోటీ ఉందనీ తెలిసి ఇద్దరం పేర్లిచ్చాం. విషయం 'పచ్చని సీమ'. అందరికీ అవే మూడు ఫోటోలు పంపారు: నిండిన చెరువు, ఎద్దుల జత, గంప పట్టుకున్న ఒక స్త్రీ. మూడూ బొమ్మలో ఉండాలి, వేరే మనిషిని చేర్చకూడదు. గెలిచినవాడికి హైదరాబాదులో ఒక అచ్చుశాలలో కొలువు.

కవరు విప్పిన సారు మూడో ఫోటో దగ్గర ఆగిపోయారు.

"గీమె మా చెల్లె ఈరమ్మ," అన్నారు. "రెండేండ్ల కింద కరువుల, పాన్‌గల్‌ల గంజి పోసేకాడ తీసిండ్రు. ఆ గంపల ఏం లేదు. నెల తిరక్కముందే పానం ఇడిసింది."

"మరి గిప్పుడెట్ల సార్?" అన్నాను.

"నేనైతే ఉన్నది ఉన్నట్టే గీస్త. నీది నీ ఇష్టం. కొలువు నీకు అవుసరం."

ఆ చివరి మాటనే పట్టుకున్నాను. అది అనుమతి అని నాకు నేను చెప్పుకున్నాను. వారం రోజులు కూర్చుని ఈరమ్మ బుగ్గలు నింపాను, చేతులకు గాజులు తొడిగాను, గంపలో జొన్న కంకులు పేర్చాను. పెదవుల మీది నవ్వును మాత్రం రెండుసార్లు చెరిపి మళ్లీ దిద్దాను.

వనపర్తిలో నా బొమ్మ గెలిచింది. సారు బొమ్మలో నిండిన చెరువు ముందు ఖాళీ గంపతో ఈరమ్మ నిలబడి ఉంది, ఎద్దులు మరోవైపు చూస్తున్నాయి. విషయానికి సరిపోలేదని దాన్ని గోడకు కూడా తగిలించలేదు. సారు నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గంప నింపినవ్ బిడ్డా," అన్నారు మెల్లగా. "గప్పుడు ఎవ్వలన్న నింపుంటే..." పక్కకు తిరిగారు. "పా, మోటరు పోతది," అని ముందు నడిచారు.

కొన్నాళ్లకు ఆ గోడపత్రికలు గద్వాల గోడలన్నిటికీ అంటించారు. సారు బడికి వెళ్లే దారి మార్చుకున్నారని, రోజూ కోట వెనక నుంచి చుట్టు తిరిగి పోతున్నారని నేను హైదరాబాదు వచ్చేశాక తెలిసింది. ఉత్తరాల్లో ఆయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నా గీత ఎలా సాగుతోందనే అడిగేవారు. ఆయన పోయారన్న కబురు కూడా ఆలస్యంగానే అందింది. వెళ్లి అడిగితే ఆయన గీసిన ఈరమ్మ బొమ్మ ఏమైందో ఇంట్లో ఎవరికీ తెలియదన్నారు.

ఆ తర్వాత నలభై ఏళ్లు బొమ్మలు గీశాను. ఎవరు ఫోటో తెచ్చిచ్చినా, ఇందులో ఉన్నది ఎవరని అడిగేవాణ్ణి. "ఎవరైతే నీకేంది, గియ్యి," అన్నవాళ్ల పనులు కొన్ని వదులుకున్నాను. దానివల్ల మనసు తేలికపడిందని చెప్పలేను. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ ఫోటోను ఎంత తలుచుకున్నా, లోతుకుపోయిన ఆ దవడలు గుర్తుకు రావు. నేను గీసిన ముఖమే నవ్వుతూ కనిపిస్తుంది.