సక్రి ఎవరికీ చెప్పని ఓటు

కారేపల్లి దగ్గరి తండాలో సక్రికి రెండు విషయాల్లో పేరుంది. అడవిలో తునికాకు ఆమె కోసినంత చురుగ్గా ఇంకెవరూ కోయలేరు. ఓట్ల రోజున వరుసలో అందరికంటే ముందు నిలబడేదీ ఆమే. చదువు మాత్రం సున్న. ఆ లోటు తీర్చుకోవడానికే అన్నట్టు కొడుకు జైరాంను వరంగల్ పంపి ఎం.ఏ. దాకా తెచ్చింది.

1984 ఎండాకాలం సెలవులకు వచ్చిన జైరాం సంచిలోంచి సైక్లోస్టైల్ చేసిన కాగితం ఒకటి తీశాడు. దేశంలో రాజకీయాలు ఎలా బాగుపడాలో విద్యార్థులను అడుగుతూ యూనివర్సిటీలో పంచిన ప్రశ్నలట. తన జవాబుల నకలు దాచుకుని మరీ తెచ్చాడు. తల్లి ఆకులు కట్టలు కడుతుంటే ఎదురుగా కూర్చుని గొప్పగా చదవసాగాడు. లంచం తిన్నవాణ్ని పోటీ చేయకుండా ఆపాలా? ఆపాలని టిక్కు పెట్టాడు. సక్రి మురిసిపోయింది.

"చదువు రానివారికి ఓటు హక్కు తీసివేయాలా?" అని చదివి టక్కున ఆగాడు.

"గిదేం ప్రశ్న? దీనికి అవ్ అని ఎవడన్న పెడ్తడా?" అని నవ్వింది సక్రి.

జైరాం గబగబా కాగితం మడత పెట్టబోయాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు. చేతిలో నార జారిపోయింది. కడుపున పుట్టినవాడే తన ఓటు తీసేయాలని టిక్కు పెట్టాడు!

"నిన్ను గాదు యాడీ," అని తల్లిని బుజ్జగించబోయాడు జైరాం. "తండా పెద్ద నాయక్ ఏ గుర్తు చెప్తే అందరు గా గుర్తు మీదనే గుద్దుతరు గదా. సొంత బుద్ధితోని ఎవరేస్తుండ్రు?"

"నేనేసిన."

జైరాం తలెత్తాడు.

"పోయిన ఎమ్మెల్యే ఓట్లల్ల గాదు, అంతకు ముందు. నాయక్ చెప్పిన మనిషి జీపుల, ఆకుకు పోయిన మన ఆడోళ్లను అడవిల కొట్టిన జంగ్లాత్ జవాను కూసోనుండె. నేను చూసిన. ఇంకో గుర్తు మీద గుద్దిన. తెలిస్తే నాయక్ దండుగ ఏస్తడని మీ నాయినకు గూడ చెప్పలే."

ఆరేళ్లు దాచుకున్న మాట అది. తండా కట్టు తప్పితే ఎవరూ నిప్పు కూడా ఇవ్వరని తెలిసే చేసింది. జైరాం చదివిన ఎం.ఏ. పుస్తకాల్లో ఇలాంటి ఓటరు గురించి ఎవరూ రాయలేదు పాపం.

"నా సంగతి ఇడిసిపెట్టు," అంది సక్రి. "నువ్వేం ఆలోచన జేసి టిక్కు పెట్టినవ్?"

జైరాం కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేశాడు.

"మా రూముల సీనియర్ గట్ల పెట్టుమన్నడు యాడీ. అందరం గట్లనే పెట్టినం."