దాలమ్మ చెప్పని పేరు

కోటబొమ్మాళి చుట్టుపక్కల ఏ ఊళ్లో అమ్మవారి పండగ జరిగినా జముకుల కథకు కూర్మయ్యనే పిలిచేవారు. కథ ఆయనది, వంత పాట భార్య దాలమ్మది. పక్కన ఒక మనిషి జముకు తీగ మీటుతుంటే ఆయన గొంతెత్తేవాడు, మాట్లాడుకునే జనం నోళ్లు మూసుకునేవారు. అంత ప్రఖ్యాతి ఉన్నా ఆయన పేరు మాత్రం ఎవరికీ పట్టలేదు. వయసులో ఉన్నప్పుడు జముకులోడు, తల నెరిశాక జముకుల తాత, అంతే.

ఇంట్లో దాలమ్మ ఆ పేరు అసలే పలకదు. మొగుడి పేరు నోట పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని ఆమెకు తల్లి చెప్పింది, ఆ తల్లికి వాళ్ల తల్లి చెప్పింది. మొదట ఈ మాట పుట్టించినవాళ్ల నోట్లో మన్ను పడ. దాలమ్మ ఆ పేరునే కాదు, దానికి దగ్గర మాటనూ నోటికి రానిచ్చేది కాదు. శ్రీకూర్మం వెళ్లి దణ్ణం పెట్టుకొచ్చి, ఎక్కడికెళ్లావని అడిగితే “సముద్రం కాడ దేవుడి గుడికి” అనేది. మొగుణ్ణి ఎదురుగా “మావా” అని పిలిచేది. పరాయివాళ్లకు చెప్పాలంటే పెద్దకొడుకు పేరు కలిపి “సింహాచలం బాబు” అనేది. అటువైపు బాబంటే తండ్రి.

పంతొమ్మిదివందల అరవై ఏడులో కూర్మయ్య గొంతులో పుండు లేచింది. డాక్టర్లు చూసి, ఇంటికి తీసుకుపోయి అడిగినవి పెట్టుకోమన్నారు. ఆ మాటకు అర్థం దాలమ్మకు ఎవరూ విప్పి చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది.

అప్పుడొచ్చింది విజయనగరం నుంచి కబురు. అక్కడ ఒక కళాసమాజం వాళ్లు ఏటా పాటలకూ నాటకాలకూ హరికథలకూ బహుమతులిచ్చి పెద్ద సంబరం చేస్తారు. ఈ ఏడు జముకుల కథకూ ఇస్తారట. కోటబొమ్మాళి జముకుల తాతకు శాలువా కప్పుతారట.

“మైకులో నా పేరు సదువుతారే దాలీ,” అన్నాడు కూర్మయ్య, మిగిలిన గరగర గొంతుతో. “ఇన్నేళ్లూ అమ్మోర్ల పేర్లు, రాజుల పేర్లు ఊరూరా నేనే సెప్పినాను. నా పేరు ఒక్కపాలి నా సెవుల్తో ఇనేసి పోతాను.”

“పోతానంటావేటి మావా. ఇనేసి ఇంటికొస్తావు.”

సంబరం నాటికి ఆ గరగర కూడా పోయింది. రైల్లో ఇద్దరే వెళ్లారు. పందిట్లో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. ఆయన్ని గుంజ దగ్గర కూర్చోబెట్టి దాలమ్మ ఇటువైపు వస్తుంటే, చొక్కాకు రిబ్బను పువ్వు పెట్టుకున్న పెద్దమనిషి ఎదురొచ్చాడు. మైకులో మాట్లాడేది ఆయనే. బెజవాడ వైపు మనిషి.

“జముకుల తాతగారి పేరేంటమ్మా?”

దాలమ్మ తడుముకోకుండా, “సింహాచలం బాబండి,” అంది.

సినిమా పాటలు పాడిన కుర్రాడికి కప్పు ఇచ్చారు. హార్మోనియం మేష్టారికి పతకం వేశారు. తర్వాత మైకు పలికింది. “జముకుల కథకు ఈ ఏటి సన్మానం, శ్రీ సింహాచలం బాబు గారికి!”

జనం చప్పట్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. కూర్మయ్య అందరితో పాటు తలతిప్పి, ఆ అదృష్టవంతుడెవరా అని చూస్తున్నాడు. దాలమ్మ చటుక్కున లేచింది. ఆడవాళ్లను తొక్కుకుంటూ పోయి వేదికెక్కింది.

“ఆ పేరు కాదండి. అది మా పెద్దోడి పేరండి.”

“అలాగా, మరి ఆయన పేరు నువ్వే చెప్పమ్మా,” అని మైకు ఆమె నోటి ముందు పెట్టాడు. మంచివాడే పాపం.

దాలమ్మ గుంజ వైపు చూసింది. కూర్మయ్యకు అప్పటికి సంగతి తెలిసింది. లేచి నిలబడి, చెప్పవే అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఎముకలు తేలిన ఆ చెయ్యి ఆమె కంటపడింది. అసలే అంతంతమాత్రంగా ఉన్న ప్రాణం, అందులోంచి తన చేత్తో తీసెయ్యమంటే ఎలా తీస్తుంది?

“సముద్రం కాడ దేవుడి పేరండి,” అంది చివరికి.

కింద ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. పెద్దమనిషికి పూరీ గుర్తొచ్చింది. “జగన్నాధం! శ్రీ జగన్నాధం గారు!” అని ఎత్తుకున్నాడు. దాలమ్మ కాదండి కాదండి అంటూనే ఉంది, మైకు ఆమె దగ్గర లేదు. ఇద్దరు కుర్రాళ్లు కూర్మయ్యను నడిపించుకొచ్చి శాలువా కప్పించారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని పెదవులు కదిపాడు.

“చూశారా, ఎంత వినయమో జగన్నాధం గారికి,” అన్నాడు పెద్దమనిషి. పందిరి చప్పట్లతో మారుమోగిపోయింది.

తిరుగు రైల్లో కూర్మయ్య చాలాసేపు కిటికీలోంచి పొలాలు చూశాడు. తర్వాత ఇటు తిరిగి పెదవులు కదిపాడు. అన్నేళ్లు వంత పాడిన మనిషికి ఆ మాట అందడానికి గొంతు అక్కర్లేదు. ఎందుకు చెప్పలేదే, అంటున్నాడు.

“నీకేటైనా అయిపోతాదని బయమేసినాది మావా.”

ఆయన కోప్పడలేదు. చలిగాలికి ముడుచుకు కూర్చున్న ఆమె మీదకు శాలువా సగం లాగి కప్పాడు. కోప్పడి ఉంటే బాగుండునని దాలమ్మ తర్వాత చాలాసార్లు ఏడ్చింది.

వానలు పడకముందే ఆయన పోయాడు. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. దాలమ్మ తలాపున కూర్చుంది. ఏడుపు లేదు, శోకాలు లేవు. వంగి ఆయన చెవి దగ్గర “కూర్మయ్యా” అంది. గొంతు ఎత్తి మళ్లీ అంది. కథ మధ్యలో వంత అందుకున్నంత గట్టిగా మూడోసారి అనేసరికి వాకిట్లో వాళ్లందరూ బిత్తరపోయారు.

పెద్దాడపడుచు గురమ్మ గబగబా వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “మొగుణ్ణి పేరెట్టి పిలుత్తావేటే. తప్పు.”

దాలమ్మ ఆ చెయ్యి తీసేసింది.

“ఇంకేటవుతాది వదినా ఈయనకి,” అని మళ్లీ పిలిచింది.