ఆనందమ్మ మాయనీసు

మా అమ్మ అక్క, మా పెద్దవ్వ ఆనందమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. వంట మాత్రం ఇంగ్లీషులోనే చేస్తానని చెప్పుకునేది. చిన్న వయసులోనే మొగుడు పోతే లక్సెట్టిపేట దగ్గరి మిషన్ బంగళాలో వంటకు కుదిరింది. ఆ బంగళాలో ఉండేది ఒక్కతే మిస్సమ్మ. ఒంటరి మనిషి, నెమ్మదస్తురాలు, ఎవరినీ ఒక మాట అనేది కాదు. ఆ నెమ్మదే మా పెద్దవ్వ కొంప ముంచుతుందని అప్పుడు ఎవరికి తెలుసు!

ఒక రోజు మిస్సమ్మ వంటింట్లోకి వచ్చి కొత్త వంట చూపించింది. పింగాణి గిన్నెలో గుడ్ల పచ్చసొన వేసి, చుక్క చుక్కగా నూనె పోస్తూ, కట్టె చెంచాతో ఆగకుండా తిప్పింది. చూస్తుండగానే అది వెన్నలా గట్టిపడింది. కాస్త ఉప్పు, నాలుగు చుక్కల సిర్కా, అదే వెనిగరు, వేసి, దీని పేరు మయొనీస్ అని చెప్పింది. అంతలో గేటు దగ్గర ఎవరో పిలిస్తే లేచి వెళ్లిపోయింది.

మా పెద్దవ్వ చెవికి అది "మాయనీసు" అని వినబడింది. ఇక అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు కదా! నీసు అంటే గుడ్ల వాసన, మాంసం వాసన. దాన్ని మాయం చేసేదే మాయనీసు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే నీసు గుప్పుమంది. మిస్సమ్మ పని సగంలో వదిలి పోయింది, మిగతాది తన మీద పడింది అనుకుంది. ఎల్లిగడ్డ నూరి వేసింది. ఆవపొడి వేసింది. అయినా నీసు పోలేదు. ఎర్రకారం దిట్టంగా కలిపి, రెండు నిమ్మకాయలు పిండింది. అప్పుడు పోయింది.

ఆ పూట మిస్సమ్మ ఉడికిన ఆలుగడ్డ మీద దాన్ని వేసుకుని తిన్నది. ముఖం కందిపోయింది. కళ్ల నీళ్లు కారాయి. గ్లాసెడు నీళ్లు తాగి, పుస్తకం చదివినట్టుండే ఆమె తెలుగులో "చాలా బాగుగా ఉన్నది, ఆనందమ్మా" అన్నది. "ఇల్లు యాదికొచ్చింది పాపం, కండ్లల్ల నీళ్లు దీసింది" అని పెద్దవ్వ ఊరంతా చెప్పుకుంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం బంగళాలో మాయనీసే. ప్రతి ఆదివారం అదే మెప్పు.

బడి సెలవుల్లో నేనూ తిన్నాను. అబద్ధమెందుకు, జొన్నరొట్టెతో అద్దుకుంటే ఆ కారం, ఆ పులుపు నాలుకను వదిలేవి కావు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ దెబోరాకు మాత్రం అనుమానం.

"దొరలు గింత కారం తింటరా అక్కా?" అని అడిగింది ఒకసారి.

"తినకుంటే గంత ఎర్రగ ఎట్లుంటరే?" అన్నది పెద్దవ్వ.

తర్వాత మిస్సమ్మకు వయసు మీద పడింది. ఇక రానని చెప్పి తన దేశం వెళ్లిపోయింది. బంగళాకు తాళం పడింది. పెద్దవ్వ ఒక రేకు పెట్టె పట్టుకుని బొగ్గుబాయి కాలనీలో ఉన్న మా ఇంటికి వచ్చింది. అప్పటికి నేను కాలనీ బడిలో పంతులమ్మను. చెల్లెలి ఇంట్లో తినడానికి పెద్దవ్వ ప్రాణం ఒప్పేది కాదు, పళ్లెం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఊరికి పోయి నాట్లకు వంగుదామంటే నడుము సహకరించదు.

బాయిలో పనిచేసే మా బాపు సీమోను ఒకనాడు కబురు తెచ్చాడు. "వదినె, గెస్టుహౌసుల ఇంగ్లీషు వంటకు మనిషి కావాల్నట. బయటి దేశం ఇంజనీర్లు వస్తరట. మేనేజరు భార్య రుచి చూసి పెట్టుకుంటదట. మయొనీసు వచ్చిన మనిషైతే మరీ మంచిదట."

పెద్దవ్వ లేచి నిలబడింది. "ఇంకేంది, గా పని నాదే!" అన్నది. ఆ రాత్రి ఆమె అన్నం కడుపునిండా తిన్నది.

పరాయి వంటింట్లో చేస్తే కళ్లు పడి విరుగుతుందని మా ఇంట్లోనే చేసింది. నేను నూనె పోస్తుంటే, "చుక్క చుక్క పొయ్యవే, బిందె బోర్లిచ్చినట్టు పోస్తవేంది! పంతులమ్మవట పంతులమ్మవు!" అని నా మీద ఒకటే అరుపు. అయ్యాక గిన్నెకు తెల్లబట్ట కట్టి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని మేనేజరు ఇంటికి బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను.

మేనేజరు భార్య కృష్ణా జిల్లా ఆవిడ. అప్పటికే హైదరాబాదు నుంచి వచ్చిన రాయమల్లు అనే వంటవాడు తన గిన్నె బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. ఆవిడ మా గిన్నె మీది బట్ట తీసి, చెంచాతో నాలుక మీద వేసుకుంది.

"అబ్బ! ఏం ఆవకాయమ్మా ఇది! ముక్కలేవీ?"

"ఆవకాయ గాదమ్మా" అన్నది పెద్దవ్వ. "మాయనీసు."

ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, రాయమల్లు గిన్నె ముందుకు జరిపి, "ఇదమ్మా మయొనీస్ అంటే. ఆ పని ఇతనిది. నువ్వు పచ్చళ్లకు ఉండిపో. మా ఆయనకు ఇక్కడ నోరు చచ్చిపోయింది" అన్నది. పెద్దవ్వ ఆ తెల్లటిది వేలితో తీసుకుని నాకింది. గిన్నె అక్కడే వదిలేసి బయటికి నడిచింది.

ఇంటికి వచ్చాక మాత్రం దుమారమే.

"గా తెల్లదాంట్ల నీసు నీసు లెక్కనే ఉన్నది దెబోరా! గదే అసలుదట! మిస్సమ్మకు ఎరుకే. మొదటి దినమే ఎరుకే. ఎరుకుండి గన్నేండ్లు బాగుందనుకుంటనే మింగింది!"

"నీ మనసు నొస్తదని చెప్పలేదేమో అక్కా. ప్రేమ" అన్నది మా అవ్వ.

"ప్రేమనట ప్రేమ! చెప్తే నేర్చుకోకపోదునా? నాకేం చెయ్యి లేదా? వంటమనిషిననుకుంటే ఒక్కనాడన్న తిట్టేది. చిన్నపోరి బొమ్మరిల్ల వండిన బువ్వ తిన్నట్టు తిన్నదే నా వంట!"

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతకుముందు ఎంత కష్టమొచ్చినా ఆమె ఏడవడం నేను చూడలేదు. ఎక్కడో సముద్రం అవతల ఉన్న ఆ ముసలావిడ మీద, ఆమె మంచితనం మీద నాకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారి పెద్దవ్వ ఆ పచ్చళ్ల పని వద్దని చెప్పి గిన్నె తెచ్చుకుంటానని బయలుదేరింది. తోడు నేను. మేనేజరు భార్య గిన్నె చేత్తో పట్టుకునే ఎదురొచ్చింది.

"వచ్చావా? నిన్న నవ్వులో పడి చెప్పలేదు. ఉప్పు కషాయంలా ఉంది. వెల్లుల్లి పచ్చివాసన కొడుతోంది. కారం పైపైన తేలిపోయింది. ఇలా చేస్తే నా దగ్గర కుదరదు."

నాకు తల తిరిగిపోయింది. నిన్న నవ్వింది చాలక ఇంటికొచ్చిన మనిషిని మళ్లీ పొద్దున్నే ఇన్ని మాటలా! ఇక ఇక్కడ నిలబడేది లేదని పెద్దవ్వ చెయ్యి పట్టుకుని గుంజాను. ఆ చెయ్యి కదల్లేదు.

పెద్దవ్వ ఆవిడ ముఖంలోకే చూస్తోంది. "ఎల్లిగడ్డ ఏంచాల్నా అమ్మా?" అని అడిగింది.

"వేయించాలి మరి! ఆ మాత్రం తెలియదా?"

"తెల్వది" అన్నది పెద్దవ్వ. "ఎవ్వలు చెప్పలే."

నా చెయ్యి విడిపించుకుంది. కొంగు నడుముకు చుట్టి, ఆవిడ వెనకే వంటింట్లోకి నడిచింది. గడప దగ్గర ఒక్కసారి ఆగి, నా వైపు తిరిగింది.

"నువ్వు పో బిడ్డా. నాకు పనున్నది."