ఎత్తని చెయ్యి

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో పాలు పితికే మెషిన్లు బాగుచేసే పని నాది. మా షెడ్డుకి వచ్చే ఆవుల డాక్టరుది ఉక్రెయిన్. ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే మోకాళ్ల మీద కూర్చుని, దాని మెడ నిమురుతూ తన భాషలో ఏదో చెప్పేవాడు. వాళ్ల దేశం మీద యుద్ధం మొదలయ్యాక ఆ మాటలు కూడా తగ్గిపోయాయి.

ఆ యుద్ధాన్ని ఖండించాలని ఐక్యరాజ్యసమితిలో ఓటింగు జరిగిన మర్నాడు టీ వేళకి ముగ్గురమే ఉన్నాం. డాక్టరు, నేను, పాలు పితికే నేపాలీ.

"మీ దేశం ఏమంది?" అని డాక్టరు నన్నడిగాడు.

"ఎటూ చెప్పలేదు సార్."

"మరి నువ్వేమంటావు?"

నేను నవ్వేశాను. "పెద్దవాళ్ల సంగతులు. మాకేం తెలుస్తాయి?"

నేపాలీ కప్పు కింద పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో, "మా దేశం మీ వైపు చెయ్యెత్తింది సార్" అన్నాడు. డాక్టరు లేచి వచ్చి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

నాకెందుకో మండింది. ఆ సాయంత్రం మెస్సులో అందరి ముందూ అతన్ని హిందీలో ఎగతాళి చేశాను. "ఉడుత ఊపులకు చెట్టు కదులుతుందా? మీరు చెయ్యెత్తితే ట్యాంకులు వెనక్కి పోతాయా?" కొందరు నవ్వారు.

అతను రొట్టె తుంచడం ఆపాడు. "పోవు భాయ్. కానీ రెండు పెద్ద దేశాల మధ్య ఉన్న చిన్న దేశం మాది. ఎవరి గట్టో జరుపుతుంటే ఇవాళ మేం మాట్లాడకపోతే, రేపు మా గట్టు కోసం ఎవరు మాట్లాడతారు?"

పక్కనే ఉన్న జగిత్యాల వెల్డరు నా మోచెయ్యి నొక్కాడు. "గాయన తప్పేమన్నడే? నువ్వెందుకు గరమైతున్నవ్?"

పొలం గట్ల తగాదాల మధ్యే పెరిగినవాణ్ణి. ఆ మాట నాకు అర్థం కాక కాదు. అయినా పళ్లెం తీసుకుని లేచిపోయాను.

కొన్ని నెలలకు డాక్టరు పుట్టిన ఊరు అవతలి సైన్యం చేతికి పోయిందని తెలిసింది. పంపు చూడ్డానికి వెళ్తుంటే మందుల గది తలుపు తెరిచి ఉంది. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. నేపాలీ ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. నేను గడప దగ్గరి నుంచే వెనక్కి తిరిగాను. ఏం చెప్పాలో తెలియక వచ్చేశానని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడని భయపడ్డాను.

ఉద్యోగం ముగించుకుని, ఫైనల్ ఎగ్జిట్ మీద ఆయన సౌదీ వదిలి వెళ్లిపోయిన రోజు కూడా నాకు పనుందన్నాను. నేపాలీ ఒక్కడే సెలవు పెట్టి రియాద్ ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాడు.

వారం తర్వాత మెస్సులో అతని ఎదురుగా కూర్చుని, "ఆ రోజు నేను తప్పు మాట్లాడాను భాయ్. డాక్టరు అడిగింది మా సర్కారుని కాదు, నన్ను" అన్నాను.

అతను కోప్పడలేదు. పప్పు గిన్నె నా వైపు జరిపి, "ఈ మాట ఆయనకు చెప్పాల్సింది" అన్నాడు.