తప్పుని మింగనివ్వని మావయ్య

మా మావయ్య ముందు ఏ తప్పూ నోరు మూసుకుని వెళ్లిపోవడానికి వీల్లేదు. అది లోకంలో దేనిదైనా సరే, చివరికి తనదైనా సరే. జరిగిన వెంటనే పైకి గట్టిగా చెప్పాలి, అదీ మూడు ముక్కల్లో: ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఇప్పుడేం చెయ్యాలి. ఈ మూడూ చెప్పకపోతే ఆయనకి అన్నం సహించదు. చెప్తే పక్కవాళ్లకి సహించదు.

ఒకసారి బస్సులో ఖాళీ సీటు కనబడగానే కూర్చున్నాడు. కింద కళ్లజోడుంది. ఇంకెవరైనా అయితే మెల్లగా తీసి పక్కన పెట్టేసి, చెట్లూ చేమలూ చూసుకుంటూ ఊరుకునేవాళ్లు. ఈయన లేచి నిలబడి బస్సంతటికీ వినబడేలా చెప్పాడు. "కళ్లజోడు విరిగింది. విరిగింది నా కింద, ఎడమ వైపు అద్దం. జోడు ఎవరిదో వాళ్లు నాతో దిగితే కళ్లద్దాల షాపుకి వెళ్దాం." జోడు గలాయన ముందు సీట్లో నిద్రపోతున్నాడు. లేపి మరీ చెప్పాడు. ఆయన కళ్లు చికిలించి మావయ్యని ఎగాదిగా చూసి, "మీ మొహం సరిగ్గా కనబడట్లేదు గానీ, ఇంత వివరంగా విరగ్గొట్టినవాణ్ణి ఇదే చూడ్డం" అన్నాడు.

ఇంట్లో ఈ వ్యవహారం అత్తయ్య ప్రాణం మీదికి వచ్చింది. కూర ఎలా ఉందని అడిగితే బాగుందని చెప్పి బతికిపోయే మొగుళ్లున్నారు. మావయ్య ముద్ద మింగి, "ఉప్పు రెండుసార్లు పడింది. మొదటిది ముక్కలు వేసినప్పుడు, రెండోది ఫోనొచ్చి వెళ్లాక. పెరుగు కలుపుకుంటే సర్దుకుంటుంది" అంటాడు. ఒకరోజు అత్తయ్య గరిటె పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నేనూ ఒకటి చెప్తాను, వినండి. పెద్ద తప్పే జరిగింది. జరిగింది మా నాన్నగారింట్లో, ఇరవయ్యారేళ్ల కిందట, మిమ్మల్ని చూసి సరేనన్నప్పుడు. ఇప్పుడేం చెయ్యాలంటారు?"

మావయ్య నిజంగానే ఆలోచించాడు. "అంత పాతదాన్ని ఇప్పుడు ముట్టుకోకూడదు. దాని మీద ఆధారపడి చాలా నడుస్తున్నాయి. మారిస్తే అవన్నీ పడిపోతాయి."

అది తిట్టో పొగడ్తో అత్తయ్యకి రెండ్రోజులు తేలలేదు. మూడో రోజు ఆయనకి ఇష్టమైన కూర చేసింది కాబట్టి, ఎటు తేలిందో మేం అర్థం చేసుకున్నాం.

మావయ్య ఉద్యోగం కూడా ఇదే. లెక్కలు కట్టే ప్రోగ్రాములకి ఒక ఉమ్మడి గిడ్డంగి ఉంది. సగటు ఎంత, వచ్చే నెల ఎంత ఉండొచ్చు, ఫలానా మందు పనిచేసిందా లేదా, ఇలాంటివి తేల్చే ప్రోగ్రాములన్నీ అందులో ఉంటాయి. ఎక్కడెక్కడివాళ్లో రాసి పంపుతారు, కావలసినవాళ్లు ఊరికే తీసుకుని వాడుకుంటారు. వచ్చిన ప్రతిదాన్నీ నాలుగు కంప్యూటర్లు వాటంతటవే నడిపి చూస్తాయి. సాఫీగా నడిస్తే తెర మీద పచ్చ గుర్తు, మధ్యలో పడిపోతే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడితే రెండు వారాల గడువు. ఈలోగా సరిచెయ్యకపోతే శుక్రవారం నాలుగింటికి గిడ్డంగిలోంచి తీసివేత. తీసేదీ మనిషి కాదు, కంప్యూటరే.

ఆ నాలుగు కంప్యూటర్లకీ కాపలా మావయ్య. సైకిల్ రిపేరు షాపు పైన రెండో అంతస్తులో ఒక గది, అందులో నాలుగు పెట్టెలు, ఒక పొడుగు బల్ల, ఒక మావయ్య. బల్ల ఆ చివర నేను. చదువు అబ్బలేదు గానీ కంప్యూటర్ల పని సొంతంగా నేర్చుకున్నానని, ఊరికే వదిలేస్తే ఎవరి కంప్యూటర్లో దూరతానో తెలీదని, మా అమ్మ నన్ను తన తమ్ముడికి అప్పగించింది.

ఎర్ర గుర్తంటే మావయ్యకి ఏ కోపమూ లేదు. అనుమానమంతా పచ్చదాని మీదే.

"ఎర్రది తన సంగతి తనే ఒప్పేసుకుందిరా అల్లుడూ. దానితో గొడవ లేదు. పచ్చదాన్నే కూర్చోబెట్టి అడగాలి."

"ఏమని?"

"నిజంగా బాగున్నావా, బాగున్నానని చెప్తున్నావా అని."

ఎందుకంటే లోకంలో మింగుడు రాయుళ్లు ఉన్నారు. ఆ పేరు మావయ్య పెట్టిందే. ప్రోగ్రాములో తప్పు వస్తే దాన్ని పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా మింగేసి, ఏమీ జరగనట్టు ముందుకి పొమ్మని రాసేవాళ్లు. తనిఖీలో పచ్చ గుర్తు పడిపోతుంది. అలాంటిది ఒకటి దొరికితే మావయ్య ఆ పూట కాఫీ ముట్టడు.

ఆయన్ని ఆటపట్టించాలని నేనొక పని చేశాను. ఎర్ర గుర్తు పడ్డప్పుడల్లా కంప్యూటరు కుయ్యిమని కూసేది. ఆ కూత తీసేసి, అత్తయ్యకి తెలీకుండా ఫోన్లో పట్టిన ముక్క ఒకటి పెట్టాను: "ఏవండీ, ఇదేంటో ఒకసారి చూస్తారా?" మర్నాడు మొదటి ఎర్ర గుర్తు పడగానే మావయ్య దిగ్గున లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగి, సైకిల్ షాపు దాకా వెళ్లాడు. తిరిగొచ్చాక తిట్లు తప్పవని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఉంచు" అన్నాడు. "ఇన్నేళ్లలో విననట్టు ఊరుకోలేని గొంతు ఇదొక్కటే."

ఆ రోజు అత్తయ్య ఆయన్ని డెబ్బై మూడుసార్లు పిలిచింది. పాపం ఆవిడ ఇంట్లో నిద్రపోతోంది.

ఇక ఆ శుక్రవారం సంగతి. మావయ్య పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. పన్నెండున్నరకి ఫోన్ మోగింది.

"తనిఖీ ఆఫీసేనా? బ్లడ్ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను. నా ప్రోగ్రాము నాలుగింటికి తీసేస్తామని మెయిలొచ్చింది."

ఆవిడ అక్కడ టెక్నీషియన్. వచ్చే వారానికి ఏ గ్రూపు రక్తం ఎన్ని ప్యాకెట్లు ఉంచుకోవాలో చెప్పే ప్రోగ్రాము సొంతంగా నేర్చుకుని రాసింది. ఆస్పత్రుల ఆపరేషన్ల జాబితా ఒక వెబ్‌సైటులో ఉంటుంది. ప్రోగ్రాము ఆ జాబితా తెచ్చుకుని లెక్క కడుతుంది. ఇంకో ఐదు బ్లడ్ బ్యాంకులు కూడా గిడ్డంగిలోంచి దాన్నే తీసుకుని వాడుతున్నాయి. ఆ వెబ్‌సైటు మాటిమాటికీ పడిపోతుంది. మా కంప్యూటర్లు తనిఖీ చేసినప్పుడూ, ఇవాళా పడిపోయే ఉంది. జాబితా రాలేదు, ప్రోగ్రాము కుప్పకూలింది, ఎర్ర గుర్తు పడింది.

"రెండు వారాలు టైమిచ్చారు కదండీ?" అన్నాను.

"నలుగురు చెయ్యాల్సిన డ్యూటీ ఇద్దరం చేస్తున్నాం బాబూ. ఇవాళే కూర్చోగలిగాను. ఇది లేనప్పుడు రిజిస్టరు చూసి అంచనాగా పెట్టేవాళ్లం. ఒక వారం మిగిలి పారబోయడం, ఒక వారం చాలక ఊరంతా ఫోన్లు చెయ్యడం. మా సూపరింటెండెంటుకి మొదట్నుంచీ దీని మీద నమ్మకం లేదు. తీసేశారని తెలిస్తే మళ్లీ రిజిస్టరే అంటాడు."

నాలో వీరుడు నిద్రలేచాడు. "ఇంతేనా మేడమ్. ఐదు నిమిషాల పని. జాబితా తెచ్చే చోట ఒక్క లైను పెట్టండి. దొరికితే సరే, దొరక్కపోతే నోరెత్తకుండా ఖాళీ జాబితా ఇచ్చి ముందుకి పొమ్మనండి."

ఒంటిగంటకి కొత్తది పంపింది. నాలుగు కంప్యూటర్లు, నాలుగు పచ్చ గుర్తులు. "దేవుడిలా దొరికావు నాయనా" అంది. నేను కాదనలేదు.

రెండింటికి మావయ్య సగం దవడ మొద్దుబారి వచ్చాడు. తెర వంక చూశాడు.

"ఇది పొద్దున ఎర్రగా ఉంది. వెబ్‌సైటు బాగైందా?"

"లేదు."

"మరి ఇదెలా బాగైంది?"

నేను కిటికీలోంచి కింద సైకిల్ షాపు వైపు ఆసక్తిగా చూడసాగాను. మావయ్య కూర్చుని ప్రోగ్రామును తనే నడిపాడు. అది ఏ గొడవా చెయ్యకుండా చివరిదాకా నడిచి, వచ్చే వారానికి కావలసిన రక్తం ఎంతో తెర మీద వేసింది. అన్ని గ్రూపులకీ వరసగా సున్నా, సున్నా, సున్నా. జాబితా ఖాళీగా ఉంటే ఆపరేషన్లు లేవనుకుంది. ఆపరేషన్లు లేకపోతే రక్తమెందుకు. దాని లెక్కలో దానికి ఏ లోపమూ లేదు.

మావయ్య కుర్చీని నా వైపు తిప్పాడు.

"చెప్పు" అన్నాడు.

"తప్పుని మింగించేశాను. జాబితా తెచ్చే చోట. అంటే, ఆవిడ చేత రాయించింది నేనే, ఆవిడ కాదు, ఎవరంటే..."

"ఎవరని నేనడిగానా? ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

ఆయన మూడు ముక్కల్లో 'ఎవరు' అనేది లేదని నాకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ నేను దాక్కున్నదంతా లేని ప్రశ్న నుంచి.

"ఏం చెయ్యాలో నాకు తెలీదు మావయ్యా."

"అయితే తెలిసినావిడకే ఫోన్ కలుపు."

ముందు పచ్చ గుర్తు రద్దు చేశాడు. అత్తయ్య గొంతు నాలుగు పెట్టెల్లోంచీ వరసగా పలికింది. ఆ నేపథ్యంలో బ్లడ్ బ్యాంకు మేడమ్‌కి సున్నాల సంగతి చెప్పాడు.

"ఆదివారం డ్యూటీలో కొత్తమ్మాయి ఒక్కతే ఉంటుంది సార్" అంది మెల్లగా. "సున్నా అని వస్తే సున్నా అనే రాసుకుంటుంది."

"చేత్తో లెక్క కట్టే రోజుల్లో, ఆస్పత్రివాళ్లు ఫోనెత్తకపోతే ఏం చేసేవారమ్మా?"

"పోయిన వారం లెక్కే తీసుకుని, అరుదైన గ్రూపులు రెండేసి ఎక్కువ పెట్టేదాన్ని."

"అదే రాయండి. పోయిన వారం లెక్క వాడుతున్నానని తెర మీద పెద్దగా చెప్పించండి. నేను లైన్లోనే ఉంటాను."

ఆవిడ రెండు వేళ్లతో టైపు చేస్తుంది. రెండు లైన్లకోసారి, "ఒక్క నిమిషం సార్, కౌంటర్‌కి మనిషొచ్చాడు" అని వెళ్లిపోతుంది. అటు ప్యాకెట్ ఇచ్చి, సంతకం పెట్టించుకుని, రొప్పుతూ వస్తుంది. ఇటు గడియారం ఎవరి కోసమూ కౌంటర్‌కి వెళ్లడం లేదు.

"మూడూ యాభై మావయ్యా."

"కళ్లున్నాయి నాకు."

నాలుగింటి తీసివేతని ఆపడానికి మీట లేదు. ఒకటి పెడదామని ఎవరో అంటే, "పెడితే రోజూ నొక్కుతారు" అని వద్దన్నది ఈయనే. మూడూ యాభై ఎనిమిదికి ఆవిడ మళ్లీ కౌంటర్‌కి వెళ్లింది. మావయ్య ఫోను నా చేతికిచ్చి, బల్ల కిందికి దూరి, ప్లగ్గు పీకేశాడు.

నాలుగు పెట్టెలూ నిట్టూర్చి ఆగిపోయాయి. పైకి లేస్తూ నెత్తి కొట్టుకున్నాడు. "దెబ్బ తగిలింది. బల్ల అంచు. ఏం చెయ్యక్కర్లేదు" అన్నాడు.

"కరెంటు పోయిందని రాసెయ్ మావయ్యా. ఎవడొచ్చి చూస్తాడు?"

"పోలేదు కదరా."

తన ఫోనులోంచి, గిడ్డంగి నడిపే సంస్థలో అందరికీ సందేశం పంపాడు: తనిఖీ ఆగింది. ఆగింది నా బల్ల కింద, ప్లగ్గు దగ్గర, పీకింది నేనే. ఐదింటికల్లా మళ్లీ పెడతాను.

నిమిషంలో సంస్థ పెద్దసారు ఫోన్ చేశాడు. స్పీకర్లో విన్నాను.

"ఏవయ్యా, పీకింది నువ్వేనని రాశావేంటి?"

"నేనే కదా సార్ పీకింది."

"అది చదివాను. ఎందుకు పీకావని."

"అవతల ఒకావిడ రాస్తోంది సార్. ఇంకాస్త ఉంది."

"కాస్తంటే ఎంత?"

"కౌంటర్ దగ్గర జనాన్ని బట్టి."

"సర్లే" అని పెట్టేశాడు. ఇరవై ఏళ్లుగా మావయ్య నివేదికలు చదివినవాడు కదా, వాదించే ఓపిక ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

చివర్న ఒక్క ముక్క మిగిలింది. జాబితా రానప్పుడు తెర మీద కనబడే మాట. ఆవిడ 'వైఫల్యం: జాబితా రాలేదు' అని రాసింది.

"ఇది చదివేది ఆ కొత్తమ్మాయే కదమ్మా. చదివి ఏమనుకుంటుంది?"

"తనేదో నొక్కి పాడుచేశాననుకుంటుంది సార్. మొదట్లో నేనూ అలాగే అనుకుని, ఎవరికీ చెప్పకుండా కంప్యూటర్ కట్టేసేదాన్ని."

"ఊఁ. అయితే జాబితా ఎక్కడ ఆగిందో రాయండి. ఏ లెక్క వాడుతున్నామో రాయండి. కింద, మీరేమీ పాడుచెయ్యలేదు అని రాయండి."

"కంప్యూటర్లు ఇలా మాట్లాడతాయా సార్?"

"మనం రాస్తే మాట్లాడతాయి."

నాలుగూ నలభైకి పంపింది. ప్లగ్గు పెట్టాక కంప్యూటర్లు ముందు కొత్తగా వచ్చినవాటినే చూస్తాయి, తీసివేతలు తర్వాత. పచ్చ గుర్తు పడింది. మావయ్య నమ్మలేదు. తనే మళ్లీ నడిపి, పోయిన వారం లెక్కా, కింద ఆ మాటలూ పైకి చదివి, అప్పుడు కాఫీ తెమ్మన్నాడు.

తర్వాతి ఆదివారం మావయ్య ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. ఇంటి ఫోన్ మోగింది. మావయ్య ఎడమ చేత్తో ఎత్తాడు. నాకు అటు గొంతు సన్నగా వినబడుతోంది. ఎవరో అమ్మాయి, గబగబా మాట్లాడుతోంది. సందేశం కింద మావయ్య ఒక నంబరు కూడా రాయించాడని, అది ఆఫీసుది కాదు ఇంటిదని, నాకప్పుడు తెలిసింది.

"బ్లడ్ బ్యాంకు నుంచండీ. లెక్క వచ్చింది, అంతా రాసుకున్నాను. ఏం లేదు, నేనేమీ పాడుచెయ్యలేదని ఇక్కడ రాసుంది. నిజంగానేనా అని అడుగుదామని."

"నిజంగానే అమ్మా" అన్నాడు మావయ్య. "అన్నం తిన్నావా? వెళ్లి తిను."

ఫోన్ పెట్టేసి మళ్లీ ముద్ద కలుపుకున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అత్తయ్య నా కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

"ఏం చూస్తావురా. అందరి చేతా మీ మావయ్య ఈ నంబరే రాయిస్తారు, పొద్దుట్నుంచి ఇది మూడోది. నిన్న వాతావరణ లెక్కలవాడు చేశాడు, పాపం ఏడ్చేశాడు. తిను, నాలుగోది వచ్చేలోగా."