అద్దాల బాబాయ్ బంతిని వదిలిన సాయంత్రం

"పగిలితే? ముందది చెప్పు. పగిలితే ఎవరి మొహం మీద పడుతుంది?"

చుట్టూ అద్దాల గోడలున్న పాడెల్ ఆట కోర్టులో అడుగు పెట్టగానే ఆయన నన్నడిగిన మొదటి మాట ఇది. పక్క వీధిలో ఆయనకు అద్దాల దుకాణం ఉంది. ముప్పై ఏళ్ళుగా కిటికీలకు, షోకేసులకు అద్దాలు బిగిస్తున్నారు. అందరికీ అద్దాల బాబాయ్. డాక్టరు బరువు తగ్గమన్నారని ఆయన వచ్చారు. పిల్లవాడు పుట్టాక రెండేళ్ళుగా నిద్రకు మొహం వాచిన ఒంటిని కాస్త కదిలిద్దామని నేను వచ్చాను.

నలుగురు ఆడే ఆట. బాబాయ్, నేను ఒక జట్టు. అవతల మందుల షాపు దంపతులు. బంతి మన వైపు నేల మీద ఒకసారి పడి, వెనకున్న అద్దాల గోడకు తగిలి వెనక్కి వచ్చాక కూడా కొట్టవచ్చు. బాబాయ్ మాత్రం దాన్ని గోడ దాకా పోనిచ్చేవారు కాదు. కోడిపిల్లను పట్టబోయినట్టు వంగి అడ్డం పడేవారు. బంతి వలలోకి పోయేది. నేనైనా తక్కువ తిన్నానా? ప్రతి బంతికీ మధ్యలో తల తిప్పి, బెంచీ మీద మా ఆయన పక్కన పిల్లవాడు ఉన్నాడో లేడో చూసుకునేదాన్ని.

ఫిజిక్స్ చదివినదాన్ని కదా, ఆ అద్దం ఎంత దెబ్బను తట్టుకుంటుందో లెక్క వేసి చెప్పాను.

"నాకు పాఠాలా అమ్మాయ్? వీటిని బిగించిందే నేను. బుర్రకు తెలుసు, చేతికే తెలీదు. అద్దం వైపు ఏదొచ్చినా చెయ్యి ముందే లేస్తుంది."

నాలుగో ఆదివారం మందుల షాపాయన మొహమాటం వదిలేశారు. "బాబాయ్, మీరు ఆడుతున్నారా, గోడకు కాపలా కాస్తున్నారా? ఇవాళ కూడా ఇంతే అయితే వచ్చే వారం మా తమ్ముణ్ణి తెచ్చుకుంటాం."

బాబాయ్ మొహం చిన్నబోయింది. ఇంట్లో ఆయన ఒక్కరే. వారం మొత్తంలో నలుగురితో కలిసి నవ్వేది ఈ గంటే.

ఆయన కోర్టు బయటికి వెళ్ళి, అద్దానికి అవతలి వైపు అరచెయ్యి ఆనించారు. "ఇక్కడికి కొట్టు. గట్టిగా."

కొట్టాను. ఆరుసార్లు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఏడోసారి కదల్లేదు. "అద్దం వణుకుతుందంతే. మళ్ళీ సర్దుకుంటుంది," అన్నారు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

ఆట మళ్ళీ మొదలయింది. మొదటి బంతికి పాత కథే. "అలవాటు, అలవాటు!" అని తొడ మీద కొట్టుకున్నారు. తర్వాతి బంతి ఎత్తుగా వచ్చింది. ఆయన బ్యాటు లేచింది, ఆగింది, దిగింది. బంతి అద్దానికి తగిలి నడుం ఎత్తుకు తీరిగ్గా తిరిగొచ్చింది. దాన్ని అవతలి వాళ్ళ తలల మీదుగా మూలకు పంపారు.

"తమ్ముడొద్దు లెండి," అంది మందుల షాపావిడ మొగుడితో. "వాడికి నవ్వడం కూడా రాదు."

ఆట ముగిసేసరికి మా వాడు బెంచీ ఎక్కుతున్నాడు. కాలు జారకముందే నేను పరుగందుకున్నాను. బాబాయ్ బ్యాటు అడ్డం పెట్టారు.

ఆయన అప్పుడన్న మాటనే ఇప్పుడు ఇంట్లో వాడు మెట్లెక్కుతున్నప్పుడల్లా పాటిస్తున్నాను: "ఇంకా పడలేదు కదమ్మా. పక్కనే నిలబడు, చేతులు సిద్ధంగా పెట్టుకో. ముందే లాగేసుకోకు."